అలికిన గోడ

కడప,
ఆగస్టు

అక్కకు,

తమ్ముడు ధనుంజయ నమస్కారాలు. జ్వరంతో నీకు చెవులు పోయినప్పుడు, ఇక ఫోన్లు వద్దు, ఉత్తరాలు రాసుకుందాం అని ఒప్పందం చేసుకున్నాం. మాట నిలబెట్టుకుంది నువ్వే. నేను ఇప్పుడు కూడా అవసరం పడి రాస్తున్నాను. తిట్టుకో, కానీ పూర్తిగా చదివి తిట్టుకో.

మన హొసగేరి పక్కన పలకలు పరిచిన సోలార్ కంపెనీలోనే కదా నా ఉద్యోగం, ఈ కడప ఆఫీసులో. ఇప్పుడు పైనుంచి కొత్త మాట వచ్చింది. కంపెనీ పనిచేసే చోటల్లా తేనెటీగలు, సీతాకోకచిలుకలు బతికే చోట్లను కాపాడాలట. వాటివల్ల చుట్టుపక్కల పంటలకు మేలు జరగాలట. మా సెక్షన్‌ను చూసే ప్రమీలారాణి మేడం ఈ పని నా నెత్తిన పెట్టింది. బాగా చేస్తే కాంట్రాక్టు నుంచి పర్మినెంటు చేయిస్తానని కూడా అంది.

మేడం మంచి మనిషే. కానీ ఆమె మొదటి ఆలోచన గేటు ముందు రంగుపూల కుండీలు పెట్టించడం. కుండీలు చూడటానికి మనుషులు వస్తారు గానీ తేనెటీగలు రావు అన్నాను. మరి అవి వచ్చే చోటు చూపించు అంది. అప్పుడు నాకు గుట్ట కింద బీడులో మన తాత కట్టిన గొర్రెల దొడ్డి గుర్తొచ్చింది. దొడ్డి కూలిపోయి ఒక్క మట్టిగోడ మిగిలింది కదా. గోడ నిండా బొక్కలు, ఒక్కో బొక్కలో ఒక్కో ఈగ, ఒంటిమీద నీలం చారలు. నన్ను భుజాన ఎక్కించుకుని నువ్వే చూపించేదానివి. ఆ బీడు ఇప్పుడు కంపెనీ చేతిలో ఉంది. అవి ఇంకా ఉన్నాయా అక్కా? ఒకసారి పోయి చూసి రాయి.

బావకు నమస్కారాలు.

ధనుంజయ


హొసగేరి, ఆదోని దగ్గర,
సెప్టెంబరు

చిరంజీవి ధనుంజయకు,

ఈరక్క దీవెనలు. పూర్తిగా చదివే తిట్టుకున్నాను, దిగులు పడకు. ఈగల కోసమైనా అక్క గుర్తొచ్చింది, అంతవరకు ఈగలకు దండం పెట్టాలి.

నీకు ఒక సంగతి చెప్పలేదు. పోయినేడు మన పొద్దుతిరుగుడు పంట పోయింది. పూలు పళ్ళేలంత పూశాయి, చూసినవాళ్ళు దిష్టి తగులుతుందన్నారు. తీరా రాలిస్తే నడుమంతా తాలు గింజలే. మునుపు పువ్వు విచ్చితే ఈగలు ముసురుకునేవి. కంపెనీ వాళ్ళు పలకల కింద కలుపు మందు కొట్టడం మొదలుపెట్టాక తుమ్మి లేదు, తంగేడు లేదు, ఈగలూ లేవు. పక్కింటి గంగక్కా నేనూ ఎమ్మిగనూరు మెత్తటి నేతగుడ్డ అరచేతికి చుట్టుకుని, పొద్దున్నే ఒక్కో పువ్వును రుద్దుకుంటూ పోయాం. ఒక పువ్వు పొడి ఇంకోదానికి అంటాలని ఈ తిప్పలు. చేను చేనంతా మనుషులు రుద్ది గింజ పట్టించగలరా? నా భుజాలు ఇప్పటికీ లేవవు.

మీ బావ ఒక మాట అనేశాడు. "ఈసారి గూడా తాలే అయితే భూమి కంపెనీకి గుత్తకిచ్చేస్తా. పలకలకు వానా అక్కర్లే, ఈగా అక్కర్లే" అన్నాడు. నాకు వినపడలేదు గానీ పెదవులు చూసి తెలుసుకున్నాను. పట్టుదల మనిషి, అన్నాడంటే చేస్తాడు.

ధనుంజయా, ఆ చేను పోతే నేను బతకలేను. ఇది ఉత్తుత్తి మాట కాదు. ఊళ్ళో నలుగురిలో కూర్చుంటే వాళ్ళు నవ్వేది ఎందుకో నాకు తెలియదు, నన్ను చూసే నవ్వుతున్నారేమో అనిపిస్తుంది. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడతాయి. చేనులో ఎవరూ నాతో మాట్లాడనక్కర్లేదు, నేను ఎవరి మాటా వినక్కర్లేదు. అక్కడొక్కచోటే నేను చెవిటిదాన్ని కాను.

ఇక నీ గోడ సంగతి. నిన్న పోయి చూశాను. ఉన్నాయి! ఎండ తగిలే పక్కంతా బొక్కలే, నీలం చారలవి వస్తున్నాయి, పోతున్నాయి. వాటి చప్పుడు వినాలని ఎంత ఆశ పుట్టిందో. ఊరికే అరచేయి గోడకు ఆనించాను. లోపల సన్నగా వణుకు తగిలింది. చెవులు పోయినా చేయి పోలేదు కదా అని అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇది మీ బావకు చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

ఆ గోడను కాపాడు. అది ఉంటే నా చేనుకు ఈగలొస్తాయి.

అక్క


కడప,
అక్టోబరు

అక్కకు,

నీ ఉత్తరం మేడంకు చదివి వినిపించాను. ఏడ్చిన సంగతి వదిలేసి చదివాను. మర్నాడే పలకల కింద కలుపు మందు ఆపమని కాగితం పంపించింది. ఇక మీద గడ్డి పెరిగితే కొడవళ్ళతో కోస్తారు, అది కూడా పూత అయిపోయాకే. కంచె పొడుగునా తంగేడు, కానుగ నాటిస్తున్నాం. తుమ్మి విత్తనం చల్లించే పని మన ఊరి ఆడవాళ్ళకే ఇస్తాం. చుట్టుపక్కల రైతులకు చెప్పి పురుగుమందు పొద్దున కాకుండా ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టించాలని కూడా అనుకున్నాం. మొదటిసారి నేను చేసే ఉద్యోగానికి ఒక అర్థం ఉందనిపించింది.

ఇంకో ముఖ్యమైన మాట. వచ్చే నెల పెద్దాఫీసు నుంచి కొందరు చూడటానికి వస్తున్నారు. వాళ్ళకు నేను చూపించబోయేది మన గోడనే. వాళ్ళకు నచ్చితే గోడతో పాటు బీడంతా ఈగలకే వదిలేస్తారు. నచ్చకపోతే రెండో విడత పలకలు అక్కడే వేస్తారు. ఊళ్ళో ఎవరికీ చెప్పకు.

నేను ముందుగా రాలేను, కమలాపురం దగ్గర ఇంకో పని తగులుకుంది. వాళ్ళతో పాటే కార్లో వస్తాను. గోడ పక్కన కంపెనీ బోర్డు నాటించడానికి సిమెంటు బస్తాలు పంపుతున్నాను, బావ దగ్గర దింపుతారు.

నీ పువ్వులు ఎప్పుడు విచ్చుతాయో రాయి.

ధనుంజయ


హొసగేరి,
నవంబరు

చిరంజీవి ధనుంజయకు,

వచ్చినవాడివి రెండు మాటలు కూడా మాట్లాడకుండా కారెక్కి పోయావు. నాకు వినపడకపోతే ఏం, దగ్గర నిలబడితే చాలదా? నీ ముఖం కూడా మాడిపోయి ఉంది. ఎండకు తల తిరిగిందా? కడప ఎండ ఓర్చుకునేవాడివి మా ఎండకు జడిసిపోయావా?

పోనీలే, పని సఫలమైంది కదా, అదే చాలు. ఆ పెద్దమనుషులు గోడ ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే నా గుండె ఉప్పొంగింది. మేడం నా రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది. పెదవులు చూసినా అర్థం కాలేదు, కానీ కళ్ళలో నీళ్ళున్నాయి.

నీకు చెప్పకుండా చేద్దామనే చేశాం ఇదంతా. ఎంత పెద్దవాళ్ళు వస్తున్నారు, మన తాత గోడను చూడటానికి! పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళ ముందు పిల్లను చింపిరి తలతో కూర్చోబెడతామా? ఎవరికీ చెప్పవద్దన్నావు గానీ ఒక్కదాన్ని చేసే పనా ఇది, గంగక్కా, మన వీధి భీమమ్మా, నేనూ గుట్ట వెనక నుంచి ఎర్రమన్ను తట్టలతో మోశాం. పేడ కలిపి గోడంతా మెత్తి, నున్నగా అలికి, సున్నంతో ముగ్గులు పెట్టాం. "ఈగలు యాడికి పోతాయక్కా?" అని భీమమ్మ అడిగింది. పిచ్చిదానా అన్నాను. మా అమ్మ ప్రతి పండక్కీ గోడలు అలికేది, పండగ పోయిన నాలుగు రోజులకే అవి మళ్ళీ తొలుచుకునేవి. మట్టి వాటికి ఒక లెక్కా?

మీ బావ కూడా చేయి వేశాడు, నమ్ముతావా? వాన వస్తే ముగ్గు కరిగిపోతుందని, బోర్డు నాటగా మిగిలిన సిమెంటు తెచ్చి మన్నులో బాగా కలిపాడు. "మీ తమ్ముని పరువు శానా దినాలు నిలబడాల" అన్నాడు. ఆయన నోట నీ గురించి అంత మంచి మాట నేనెప్పుడూ చూడలేదు.

మీరు పోయిన మర్నాడు గోడ మీద చేయి పెట్టి చూశాను. మునుపటికంటే ఎక్కువగా వణుకుతోంది ధనుంజయా! గోడంతా, ఎక్కడ చేయి పెట్టినా. కొత్త గోడ వచ్చిందని వాటికీ సంబరంగా ఉందేమో అనుకున్నాను. చాలాసేపు అట్లే ఆనుకుని నిలబడ్డాను.

విత్తనం వేశాం. సంక్రాంతి దాటాక పూత.

అక్క


కడప,
డిసెంబరు

అక్కకు,

నీ ఉత్తరం అందింది. పని ఒత్తిడి వల్ల వెంటనే రాయలేకపోయాను.

ఇక్కడ అంతా బాగుంది. పెద్దాఫీసు వాళ్ళు చాలా సంతోషించారు. బీడులో పలకలు వేయరు. మీ గోడ ఫోటో కంపెనీ ఏటా వేసే పుస్తకానికి ముఖచిత్రంగా వేస్తున్నారు. నాకు పర్మినెంటు కాగితం వచ్చింది.

ఒక చిన్న మాట. వీలైతే గోడకు ఎండ తగిలే పక్క కాస్త గీకి చూడమని బావకు చెప్పు. ఏం లేదు, మట్టి ఎట్లా పట్టిందో చూద్దామని. వీలు కాకపోతే ఫరవాలేదు. నేను వచ్చినప్పుడు చూస్తాను.

చలి ఎక్కువగా ఉంది, జాగ్రత్త.

ధనుంజయ


హొసగేరి,
జనవరి

చిరంజీవి ధనుంజయకు,

పర్మినెంటు అయినందుకు ఊరందరికీ చక్కెర పంచాను. నీ ఉత్తరం మాత్రం చప్పగా ఉంది, ఎవరో పక్కన నిలబడి రాయించినట్టుంది. ఆరోగ్యం బాగుందా?

గోడ గీకమన్నావు. మీ బావ గొడ్డలి తీసుకుని పోయాడు, కాపలా శివన్న అడ్డం పడ్డాడట. "ఫోటోలో ఎట్లుండాదో గోడ అట్లే ఉండాలన్నారు, గీటు పడితే నా నౌకరి పోతాది నరసన్నా" అన్నాడట. మీ ఆఫీసు నుంచే వచ్చింది ఆ మాట. మీరే గీకమంటారు, మీరే వద్దంటారు, మేమేం చేయాలి?

చేను విచ్చింది. ఈసారి పోయినేటికంటే పెద్ద పూలు. కంచె పొడుగునా నీ తంగేళ్ళు చిగురు పెట్టాయి, పలకల కింద తుమ్మి తెల్లగా పూసింది. అన్నీ ఉన్నాయి, ఈగలే లేవు. ఒకటీ అరా కనిపిస్తే వాటి వెంట గట్టు దాటేదాకా పోతున్నాను. గోడ మీద చేయి పెట్టి చూస్తే ఏమీ తగలడం లేదు. చలికి పడుకున్నాయేమో. చలికాలం వాటికి నిద్ర ఉంటుందా? నువ్వు చదువుకున్నావు కదా, రాయి.

గంగక్కా నేనూ మళ్ళీ గుడ్డ చుట్టుకుని రుద్దుతున్నాం. మీ బావ గట్టున కూర్చుని చూస్తున్నాడు.

తొందరగా జవాబు రాయి.

అక్క


హొసగేరి,
ఫిబ్రవరి

ధనుంజయకు,

నువ్వు జవాబు రాయలేదు. నాకు ఆ జవాబు చాలు.

పంట రాల్చాం. తాలు. మీ బావ మాట మీద నిలబడ్డాడు, పోయిన వారం ఆదోని పోయి గుత్త కాగితం మీద సంతకం చేసి వచ్చాడు. ఉగాది దాటాక మన చేనులో పలకలు దిగుతాయి.

సంతకం అయిన రోజు సాయంత్రం నేను గడ్డపార తీసుకుని గోడ దగ్గరికి పోయాను. శివన్న సంగటికి పోయిన వేళ చూసి, ఎండ తగిలే పక్క పొడిచాను. మట్టి రాలలేదు, పెచ్చుగా ఊడి వచ్చింది. ఆ పెచ్చు తిప్పి చూశాను. లోపలి పక్క అంతా ఈగలే, ఎండిపోయి, తలలు బయటికి పెట్టుకుని. ఒక్కో బొక్కలో ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి. కొన్ని సిమెంటును కొంతదాకా కొరికాయి. నీలం చారలు ఇంకా పోలేదు.

ఆ రోజు నా చేతికి తగిలింది సంబరం కాదు. అవి బయటికి రావడానికి కొట్టుకున్నాయి, నేను చేయి ఆనించి మురిసిపోయాను. చెవులున్నదానికైతే ఆ చప్పుడులో తేడా తెలిసేదేమో.

మీ బావకు ఆ పెచ్చు చూపించాను. "సిమెంటు కలిపింది నేనే గదా" అన్నాడు, అంతే. అప్పటి నుంచి పెరట్లోనే పడుకుంటున్నాడు. ఆయనకు తెలియదు, నాకు తెలియదు. మేం ప్రేమతో చేశాం, తప్పు చేశాం, ఆ పాపం మేం మోస్తాం.

కానీ నీకు తెలుసు. ఆ రోజు గోడ మీద వేళ్ళతో తట్టి చూశావు, నేను చూశాను. అప్పుడే నీ ముఖం మాడింది. చెవిటిదాన్నే గానీ గుడ్డిదాన్ని కాదు. మాడిన ముఖాన్ని ఎండ ఖాతాలో వేశాను, ఎందుకంటే నువ్వు నా తమ్ముడివి. తర్వాత ఉత్తరంలో "ఏం లేదు, వీలైతే గీకి చూడు" అన్నావు. చచ్చిపోతున్నాయక్కా అని ఒక్క మాట రాసి ఉంటే శివన్న కాదు, మీ కంపెనీ మొత్తం అడ్డం పడినా గోళ్ళతో గీకేదాన్ని.

మీ కంపెనీ వాళ్ళు పటం కట్టించిన ఫోటో పంపించారు. ముగ్గులతో గోడ, పక్కన నేను నవ్వుతూ. అప్పటికి ఇదంతా తెలియక మీ బావ దాన్ని ఇంట్లో గోడకు తగిలించాడు. నేను రోజూ దాని ముందు నుంచి పోవాలి.

ఒక్కటి అడుగుతున్నాను. చేను పోయింది, దాన్ని నువ్వు తేలేవు. గోడ ఇంకా ఉంది. లోపల మిగిలినవి ఉన్నాయో లేదో తెలియదు, గుట్ట మీద నుంచి కొత్తవి వచ్చినా దూరడానికి చోటు ఉండాలి కదా. ఉగాదికి ముందు నువ్వు రా. మనిద్దరం చెరో పక్క నుంచి ఆ సిమెంటంతా గీకేద్దాం. అలికిన చేతులే గీకాలి, చూసి ఊరుకున్న చేతులు కూడా రావాలి.

రాకపోతే మాత్రం ఉత్తరం రాయవద్దు. ఇక్కడ అంతా బాగుంది అని రాసే ఉత్తరాలు నేనిక చదవలేను.

ఈరక్క


కడప,
మార్చి

అక్కకు,

రాయవద్దన్నావు. రాస్తున్నానంటేనే నీకు తెలిసిపోయి ఉంటుంది.

అంతా బాగుంది అని రాయను. తెలుసు అక్కా. గోడను తట్టినప్పుడే తెలిసింది, మట్టి చప్పుడు కాదది. నోరు తెరిచేలోపు వాళ్ళు చప్పట్లు కొట్టారు, బీడులో పలకలు వేయం అని అక్కడికక్కడే చెప్పేశారు. ఇప్పుడు చెబితే అంతా పోతుందనుకున్నాను. పదిమంది ముందు నీ తలవంపు కూడా చూడలేననుకున్నాను. కారు ఎమ్మిగనూరు దాటేదాకా వెనక్కి తిప్పమందామనే కూర్చున్నాను. ఆ సాయంత్రమే గీకించి ఉంటే చాలా వరకు బతికేవి. ఈ మాట రోజూ పడుకునే ముందు అనుకుంటున్నాను, దానివల్ల ఏమీ కావడం లేదు.

నీ ఉత్తరం వచ్చాక మేడం దగ్గరికి పోయాను. ఈగలు చచ్చిపోయాయని చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. పుస్తకం అచ్చయి అన్ని చోట్లకూ వెళ్ళిపోయింది ధనుంజయా, ఇప్పుడు ఏం చేయగలం అంది. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇంకో పన్నెండు పాత గోడలు ఎంచి పెట్టారు. అన్నింటినీ నీ గోడలాగే అలికించి ముగ్గులు పెట్టించాలట. కనీసం సిమెంటు కలపకుండా ఒప్పించాను, అంతవరకే నా చేతనైంది. ఆ ఊళ్ళ ఆడవాళ్ళకు అలకడం చూపించడానికి నిన్ను పిలవమన్నారు. నువ్వు రావని చెప్పాను.

సెలవు అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతారు. నేను రాలేను అక్కా.

ఇంకొకటి. నువ్వు గోడ పొడిచిన సంగతి శివన్న ఆఫీసుకు చెప్పాడు. ఊడిన చోట మళ్ళీ పూసేశారు. ఇక మీద నిన్ను బీడులోకి రానివ్వకూడదని కాపలా వాళ్ళకు కాగితం పంపారు. నువ్వు పోయి అక్కడ వాళ్ళతో మాట పడకూడదని ముందుగా చెబుతున్నాను.

ఆ కాగితం టైపు చేసింది నేనే.

ధనుంజయ